కుడి చక్రం జాడలో

మా కోడలు ఎక్కడ కూర్చున్నా అంచునే కూర్చుంటుంది. కుర్చీలో సగం, మంచంలో పావు, బస్సులో అయితే పక్కవాళ్ళు దయతలిచి వదిలినంత. "ఇంత జాగా ఉంది కదే, సరిగ్గా కూర్చో" అంటే, "ఇది చాలదూ అత్తయ్యా" అంటుంది. నా కొడుకు బతికున్నప్పుడు, "దీన్ని చేసుకున్నాక నా మంచం ఇంకా పెద్దదైంది" అని నవ్వేవాడు. వాడు జ్వరంతో పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

కోడలు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో సుద్దపిండి కలిపి పోసి, గట్టిపడ్డాక చెక్కి నునుపు చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి. "నాకంటే ముందు నువ్వే ముసలిదానివయ్యేట్టున్నావు" అంటూ తడిగుడ్డతో తుడిచేదాన్ని.

ఒకరోజు ఆ తుడిచే గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. ల్యాబులో పిండి గదిని వేరే ఊరికి మారుస్తున్నారట. ఆ పనివాళ్ళంతా అక్కడికే వెళ్ళాలట. నలుగురు ఆడవాళ్ళకి కలిపి ఒక గది ఇస్తారు. అందులో అత్తగారికి చోటు లేదు.

నేను మనుషుల్ని సాగనంపి సాగనంపి అలిసిపోయినదాన్ని. అక్కని బండెక్కించాను, మళ్ళీ చూడలేదు. మా ఆయన్ని ఆస్పత్రి తలుపు దాకా పట్టుకెళ్ళాను, ఆ తలుపులోంచి ఆయన నడిచి రాలేదు. కొడుకు సంగతి చెప్పనక్కర్లేదు. గుమ్మంలో చెప్పులు తొడుక్కునే చప్పుడు వింటే ఈ రోజుకీ నా చేతులు చల్లబడతాయి. పాలప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్ళే కోడల్ని కూడా కిటికీలోంచి కనబడినంత మేరా చూస్తాను.

ఒకే ఒక్క దారి ఉంది. తయారైన పళ్ళని ఊళ్ళోని డాక్టర్లకి మోటారుసైకిలు మీద చేర్చే మనిషి మోకాళ్ళ నొప్పులతో పని మానేస్తున్నాడు. ఆ పని ఈ ఊళ్ళోనే ఉంటుంది. కోడలికి బండి నడపడం నా కొడుకు నేర్పాడు, లైసెన్సు కూడా తీయించాడు. కానీ సందులు దాటి పెద్దరోడ్డు మీద ఆమె తోలింది లేదు.

"ఆ పని నేను అడిగాను అత్తయ్యా" అంది కోడలు, నేల చూస్తూ.

"మోటారుసైకిలా! లారీల మధ్యనా!" అన్నాను. నా పని ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయింది. వెళ్ళనిస్తే దూరం, ఉండమంటే రోడ్డు.

"ఇంకో సంగతుంది. పరీక్షకి మీరు రావాలి."

ఆ పనిలోంచి తప్పుకుంటున్నాయన్ని అందరూ నిదానం మామ అంటారు. తన చోట ఎవరిని పెట్టాలన్నా ఆయన పెట్టే పరీక్ష ఒకటే. నీ గురించి ఎవరు ఎక్కువ భయపడతారో వాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఒళ్ళో పళ్ళ పెట్టె పెట్టి, డాక్టరు దాకా తీసుకెళ్ళాలి. ఆ పళ్ళు ఇంకా మైనంలోనే నిలబెట్టి ఉంటాయి. గట్టి కుదుపు తగిలితే పక్కకి ఒరుగుతాయి. భయపడేవాళ్ళు వెనక ఊగుతారు, గుంజుతారు, అరుస్తారు. అంతటినీ మోసుకుని పళ్ళు కదలకుండా చేర్చినవాళ్ళకే పని.

"అయితే నాకంటే తగినదాన్ని ఎక్కడ వెతుకుతారు" అన్నాను.

పరీక్షకి ముందురోజు అలవాటు కోసం, పళ్ళ పెట్టెతో సహా ఒకసారి తిరిగి రమ్మన్నాడు నిదానం మామ. కాళ్ళు రెండువైపులా వేసి కూర్చోవాలన్నాడు. కోడలి ప్యాంటు తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుని, "మీ మామగారు చూసుంటే ఎవరీ కుర్రాడు అనేవారు" అన్నాను. కోడలు నవ్వింది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమెకీ భయంగానే ఉంది.

ల్యాబు గేటు దాటగానే నేను మొదలుపెట్టాను. "అంచుకి పోవే! ఇంకా అంచుకి! అదిగో బస్సు!" ఆమె అంచుకి పోయింది. చెప్పింది చెప్పినట్టు వినడం ఆమెకి పుట్టుకతో వచ్చింది. అంచున మురుగుకాలవ మూతలు. ఒక్కో మూత దాటినప్పుడల్లా నా ఒళ్ళో పెట్టె ఎగిరిపడింది. మేం వదిలిన జాగాలోంచి ఒక బస్సు మా మోచేతులు రాసుకుంటూ దూరింది. దాని గాలికి బండి ఇంకా పక్కకి జరిగింది. అప్పుడే ఆగి ఉన్న కారు తలుపు ఒకటి ధడాలున తెరుచుకుంది. కోడలు బ్రేకు నొక్కేసింది. నా హెల్మెట్ వెళ్ళి ఆమె హెల్మెట్‌కి ఠంగుమని కొట్టుకుంది. కారులోంచి దిగినాయన, "చూసుకోరా?" అని మమ్మల్నే గదమాయించాడు. "తప్పయిందండీ" అంది మా కోడలు.

తిరిగొచ్చి పెట్టె తీస్తే ముందు పన్ను వెల్లకిలా పడుకుని ఉంది.

నిదానం మామ దాన్ని చూపుడువేలితో లేపి చూశాడు. "ఇది పెట్టుకున్నాయన ఎదురుగా ఉన్నవాళ్ళని చూసి నవ్వితే, పక్కింటివాళ్ళని చూసి నవ్వినట్టుంటుంది" అన్నాడు. తర్వాత కోడల్ని అడిగాడు. "అంచుకి ఎందుకు పోయావమ్మా?"

"వెనక పెద్ద బళ్ళు వస్తున్నాయి కదండీ. అడ్డం ఉన్నట్టు... పాపం."

"పాపం ఎవరు? బస్సా?"



ఆయన బల్లమీద గుప్పెడు సుద్దపిండి చల్లి, రెండు వేళ్ళు ఆనించి ముందుకి లాగాడు. రెండు చాళ్ళు పడ్డాయి.

"ఇవి కారు చక్రాల జాడలు. ఇది ఎడమది, ఇది కుడిది. బళ్ళు తిరిగి తిరిగి రోడ్డు ఇక్కడ శుభ్రంగా ఉంటుంది. నడిమధ్యన ఉన్నది నూనె కారే చోటు, అక్కడ చక్రం జారుతుంది. పక్కన కార్లు ఆగి ఉంటే కుడి జాడ పట్టు. ఎదుటినుంచి ఎవడైనా నీమీదకి జరుగుతూ వస్తుంటే ఎడమ జాడకి రా. ఇక అంచంటావా, అది దారే కాదు. మూతలు, గాజుపెంకులు, కుక్కలు, కారు తలుపులు ఉండే చోటది. నువ్వు అంచుకి పోతే వెనకవాడికి 'రా నాయనా, నా పక్కనుంచి దూరు' అని పిలుపు పంపినట్టే."

"తమ్ముడూ, చిన్న బండి పెద్ద బండికి దారివ్వాలి కదా" అన్నాను నేను.

"ఇవ్వాలి అక్కయ్యా. ఇవ్వడానికి ముందు మన దగ్గర ఉండాలిగా."

నాకు మాట ఎక్కలేదు. కుర్చీ అంచున కూర్చోవడమే భద్రమని నేనూ ఏనాడూ నమ్మింది లేదు గానీ, రోడ్డు సంగతి వేరనిపించింది. ఇద్దరం బస్సులో ఇంటికి బయలుదేరాం.

నేను బడికి వెళ్ళలేదు. సబ్బు రేపర్లూ మందుసీసాలూ దుకాణాల బోర్డులూ చూసి, ఇంట్లోవాళ్ళని ఇదేమిటి అదేమిటి అని వేధించి, నడివయసులో చదవడం నేర్చుకున్నాను. అందుకే కంటబడిన అక్షరాన్ని వదిలిపెట్టలేను. సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. పక్క వరసలో మా ముందు ఒక లారీ. దాని వెనక రంగు పోయిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను. 'నా అద్దం నీకు కనబడకపోతే నువ్వు నాకు కనబడవు.'

మళ్ళీ చదివాను. బస్సు కిటికీలోంచి మెడ చాచి చూస్తే లారీ కుడివైపు అద్దం, అందులో డ్రైవరు గెడ్డం కనబడ్డాయి. లారీ వెనక ఎడమ మూలన, రోడ్డు అంచున, ఒక కుర్రవాడు మోటారుసైకిలు మీద నక్కి ఉన్నాడు. అతనికి కనబడేది లారీ చెక్క ఒక్కటే. లారీకి అతను కనబడుతున్నాడా? పొద్దున్న మా కోడల్ని నేను తోసింది సరిగ్గా అక్కడికే. గింజలు దాస్తే భద్రం, నగలు దాస్తే భద్రం. రోడ్డు మీద మనిషిని దాస్తే భద్రం కాదు. నలుగురికీ కనబడాలి.

"ఏమే, రేపు నేను అరవను" అన్నాను.

కోడలు నన్ను ఎగాదిగా చూసింది. "అరవకుండా ఉండగలరా అత్తయ్యా?"

"బోర్డులు చదువుతాను. నోటికి ఆ పని చాలు."

మర్నాడు నిదానం మామ వేరే బండి మీద మా వెనకే బయలుదేరాడు. పెట్టె నా ఒళ్ళో ఉంది. దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. సందు దాటి పెద్దరోడ్డు ఎక్కగానే నా నోరు తెరుచుకుంది. "తాళాలు బాగుచేయబడును!" అని చదివాను గట్టిగా. "గది అద్దెకి కలదు! ఇచ్చట మూత్రము పోయరాదు!"

కోడలి వీపు నవ్వుతో కదిలింది. ఎడమవైపు వరసగా కార్లు ఆగి ఉన్నాయి. ఆమె అద్దంలో చూసుకుని, సైడు లైటు వేసి, మెల్లగా కుడి చక్రం జాడలోకి వచ్చింది. నిజమే, అక్కడ రోడ్డు అరిచేతిలా ఉంది. పెట్టె కిక్కురుమనలేదు.

అప్పుడు వెనకనుంచి బస్సు హారను కొట్టింది. పొడుగ్గా, విసుగ్గా. కోడలి భుజాలు ముడుచుకున్నాయి. ఆ ముడుచుకోవడం నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "కొంచెం జరగమ్మా" అంటే లేచి నిలబడిపోయే భుజాలవి. బండి ఎడమకి ఒక జానెడు ఒరిగింది.

నా నాలుక చివర 'అంచుకి' అన్న మాట సిద్ధంగా ఉంది. దాన్ని మింగాను. చేదుమందు మింగినట్టే దిగింది.

"కదలకు తల్లీ" అన్నాను ఆమె చెవి దగ్గర. "పక్క వరస ఖాళీగా ఉంది. వాడికి తొందరైతే అటు పోతాడు. ఇది నీ చోటు."

ఆమె భుజాలు విప్పుకున్నాయి. బండి తిరిగి జాడలోకి వచ్చింది. హారను ఇంకోసారి మోగింది. మేం అక్కడే ఉన్నాం. ఆ మరుక్షణమే ముందు ఆగి ఉన్న ఎర్రకారు తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఒకావిడ సంచులతో దిగింది. మాకూ ఆ తలుపుకీ మధ్య ఇంకో మనిషి నడిచేంత ఎడం ఉంది. కోడలు బ్రేకు మీద వేలు కూడా వెయ్యలేదు. బస్సు వరస మార్చుకుని బుద్ధిగా దాటిపోయింది. దాని వెనక రాసింది కూడా చదివాను. "స్త్రీలను గౌరవించండి!"

"ఇప్పుడు చెప్తున్నాడా?" అంది కోడలు. హెల్మెట్‌లోంచి వచ్చిన ఆ గొంతు నాకు కొత్తగా ఉంది.

సిగ్నలు దగ్గర నడిమధ్యన నూనె నల్లగా మెరిసింది. కోడలు దానికి దూరంగా ఆగింది. తర్వాత పక్కసందులోంచి ఒక కారు ముక్కు బయటపెట్టింది. డ్రైవరు తల తిప్పి చూశాడు. అతని కళ్ళు నాకు కనబడ్డాయి, అంటే మేం అతనికి కనబడ్డాం. ఆగిపోయాడు. మేం రాణుల్లా దాటాం.

రోడ్డు ఇరుకైన వంతెన వంపు దగ్గర అసలు గండం ఎదురైంది. రేకుడబ్బాలు కట్టిన లారీ ఒకటి ఎదురుగా మధ్యగీత మీదకి ఒరిగి వస్తోంది. నా వేళ్ళు పెట్టెకి అతుక్కుపోయాయి. బోర్డులు లేవు, చదవడానికి ఏమీ దొరకలేదు. నేను ఊపిరి బిగబట్టేలోపే కోడలు వేగం తగ్గించి ఎడమ జాడలోకి వచ్చేసింది. అంచుకి కాదు, ఎడమ జాడకే. డబ్బాలు గలగలమంటూ కుడిపక్కనుంచి పోయాయి. వంపు తిరగ్గానే దారి చూసుకుని మళ్ళీ తన చోటుకి వచ్చింది. ఆ రాకడ చూసి నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఆమె ఒక చోటు తనంత తాను ఎంచుకోవడం, అవసరమైతే మార్చుకోవడం నేను చూసింది అదే మొదలు.

డాక్టరమ్మ తలుపు దగ్గరే ఎదురొచ్చింది. నా చేతులు పెట్టెని వదలనంటే ఆవిడే మెల్లగా విడిపించుకుంది. మూత తీసి, పళ్ళని ఒక్కొక్కటే వేలితో తాకింది. పైవరసనీ కిందవరసనీ కలిపి మూసింది. టక్కున కూర్చున్నాయి.

"ఒక్కటీ కదల్లేదు" అంది. "ఎవరు తెచ్చారు?"

"నేనండీ" అంది మా కోడలు. గదికి మధ్యలో నిలబడి ఉంది, హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుని.

నిదానం మామ కుంటుకుంటూ లోపలికొచ్చాడు. "అక్కయ్యా, దారంతా ఏమిటా గోల? దేవుణ్ణి తలుచుకున్నారా?"

"తీరిక ఎక్కడిది? పొట్టేళ్ళ దాణా దుకాణం నుంచి పురుగులమందు దాకా ఒక్కటీ వదల్లేదు."

ఆయన పకపకా నవ్వి ఫోను తీసి యజమానితో అందరూ వినేట్టు మాట్లాడాడు. "ఆ ఊరికి వెళ్ళేవాళ్ళలో ఈ అమ్మాయిని తీసెయ్యండి. పళ్ళ బండి ఇకనుంచి ఈమెది... ఆఁ, ఖాయం. అంతటి అత్తగారిని వెనకేసుకుని తెచ్చింది. మైనం ఒక లెక్కా?"

నేను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. కోడలు నా ముందు వంగి హెల్మెట్ పట్టీ విప్పింది. "అత్తయ్యా, ఏడుస్తున్నారా?"

"ఏడుపు కాదే. ఈ పట్టీ గట్టిగా ఉంది."

"నేను ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు" అంది, ఇంకా నమ్మకం కుదరనట్టు. "ఇక్కడే. ఇంట్లోనే."

"విన్నాను. నాకు చెవులు బానే ఉన్నాయి" అన్నాను, ఆమె చెయ్యి వదలకుండా.

బయటికొచ్చాక ఆమె బండి తిప్పుతూ అడిగింది. "మీరు అలిసిపోయారు. వెనక సందుల్లోంచి వెళ్దామా? బళ్ళు ఉండవు."

నేను హెల్మెట్ మళ్ళీ తగిలించుకుని, కాలు అటువేసి ఎక్కి, కుదురుగా కూర్చున్నాను.

"సందులెందుకే? పెద్దరోడ్డు మీంచే పోనీ."