మతిపోయిన బల్ల

ఈజిప్టులోని దమ్యాత్తా ఊళ్ళో బహీగా ఇంటి గుండ్రటి పొట్టి బల్ల, ఎవరు తినడం మొదలుపెడితే వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళేది. ఆమె మామగారు చేసిన బల్ల. ఆయన చేసినవన్నీ కాస్త మొండివే. మెట్ల మీద టకటక వినబడితే పక్కింటివాళ్ళు చీపురు పక్కకు తీసి దారిచ్చేవారు.

బహీగాకు ఒక్కతే కూతురు, ఇన్‌సాఫ్. ఇంట్లోనే కుర్చీల మెత్తలకు గుడ్డ కుడుతుంది. రంజాన్ కాకపోయినా సోమవారాలు, గురువారాలు ఉపవాసం ఉంటుంది. కూతురి భక్తి గురించి బహీగా వీధంతా చాటింపు వేసింది. "ఉపవాసాలకే ఇంత ఒళ్ళొచ్చిందా?" అని ఎవరైనా నవ్వితే, "అది నీరు పట్టిన ఒళ్ళు" అనేది.

అసలు సంగతి వేరు. ఉపవాసం విడిచి, తల్లి ముందు నాలుగు ముద్దలు పద్ధతిగా తిన్నాక, ఇన్‌సాఫ్ స్నానాలగదిలో గడియ పెట్టుకునేది. చల్లారిన అన్నం, రొట్టెలు, పళ్ళెం నిండా బస్బూసా మిఠాయి, రుచి కూడా తెలియకుండా కడుపు నొప్పెట్టేదాకా తినేది. ఆపాలనుకున్నా చెయ్యి ఆగేది కాదు. ఆ సిగ్గుతో మళ్ళీ ఉపవాసం.

బల్ల వెళ్ళి ఆ తలుపును కాలితో తట్టేది.

"దీనికి మతిపోయింది. స్నానాలగదిలో ఎవరు తింటారే?" అని బహీగా దాన్ని తాడుతో కిటికీ ఊచకు కట్టేసింది. లోపల ఇన్‌సాఫ్ నోట్లో ముద్దతోనే ఆ మాట విన్నది.

చక్కెర జబ్బు ముదిరి ఇన్‌సాఫ్ పాదాలు తిమ్మిరెక్కుతుంటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తిట్టలేదు.

"ఇది తిండిపోతుతనం కాదమ్మా, మనసుకు పట్టిన జబ్బు. దానికి వైద్యం ఉంది. ముందు ఉపవాసాలు మానెయ్యి. మాడ్చినకొద్దీ అది మీదపడుతుంది. చక్కెర తగ్గించే ఈ మాత్రలేసుకుని పస్తుంటే పడిపోతావు కూడా. ఇంట్లో చెప్పు."

"మా అమ్మకా? బతికుండగానే నాకు దర్గా కట్టేసింది. అందులోంచి ఏ మొహంతో బయటికి రాను?"

చెప్పలేదు. గురువారం తెల్లవారకముందే మాత్ర వేసుకుని పస్తు ఉంది.

మధ్యాహ్నం బహీగా అన్నంలో ములూఖియా ఆకుకూర కలుపుకుంటుంటే బల్ల తాడు తెంపుకుంది. తన దగ్గరికే అనుకుని ఆమె పళ్ళెం ఎత్తి పట్టుకుంది. బల్ల ఆమెను దాటి పడగ్గదిలోకి పోయింది. తినేవాళ్ళను వదిలి పస్తున్నవాళ్ళ దగ్గరికి అది ఎన్నడూ పోలేదు. తిట్టుకుంటూ వెనకాలే వెళితే, ఇన్‌సాఫ్ నేలమీద చెమటలు కక్కుతూ వణుకుతోంది.

బహీగా టీలో చక్కెర దండిగా వేసి తెచ్చింది.

"తాగు."

"ఉపవాసం, అమ్మా."

"ఆ పాపం నా మెడకే చుట్టుకోనీ. తాగు."

వణుకు తగ్గాక ఇన్‌సాఫ్ అంతా చెప్పేసింది. "అది తలుపు కొట్టింది నాకోసమే అమ్మా. దానికి మతిపోలేదు."

బహీగాకు కూతురి మీదకంటే తన మీద కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. తన పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టి, అన్నం సగం అటు నెట్టింది. "నా ఎదురుగా తిను. నెమ్మదిగా."

జబ్బు ఒక్క పూటలో పోలేదు. ఆదివారమే మళ్ళీ గడియ పడింది. ఈసారి బల్ల పక్కన బహీగా కూడా చతికిలబడి, "నేనిక్కడే ఉన్నానమ్మా. రాగలిగినప్పుడే రా" అంది.

మర్నాటి మధ్యాహ్నం ఎదురింటి కిటికీలోంచి షౌకీ వాళ్ళమ్మ కేకేసింది. "ఇవాళ సోమవారం కదా, ఇన్‌సాఫ్ ఉపవాసమేనా? మా మనవడి పరీక్షకు దువా చెయ్యమను."

"కాదు వదినా," బహీగా వీధంతా వినిపించేలా చెప్పింది. "నా కూతురికి జబ్బు. అన్నం తింటోంది."

ఇన్‌సాఫ్ చేతిలో చెంచా ఆగిపోయింది. తల్లి కిటికీ మూస్తుందేమోనని చూసింది. మూయలేదు. ఇన్‌సాఫ్ చెంచా నోట్లో పెట్టుకుంది.