ఎర్రచుక్క మెట్టు

2021 ఆగస్టు 16, సోమవారం. ఆ రోజు పొద్దున సంగీతం మాస్టారు విజయభాస్కర్ తిన్నది బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఉగ్గానిలో నిమ్మరసం కాస్త ఎక్కువ పడింది. ఆయన మొహం చూసి భార్య లక్ష్మీదేవి, "పుల్లగుందని వదిలిపెట్టొద్దు. గొంతు పోతే హార్మోనియం వాయించుకుందువులే" అంది.

కరోనా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు అది. తారీఖు గుర్తుండిపోవడానికి ఉగ్గాని ఒక్కటే కారణం కాదు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన కృపాకుమారి అనే పిల్ల, మూతికున్న మాస్కును గడ్డం కిందికి లాక్కుని, ఆ రోజే ఆయన ముందు మొదటిసారి స్వరాలు పాడింది. పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి కొత్త పిల్లలందరూ మెడలు చాస్తారు. ఈ పిల్ల మెడ కదల్లేదు.

బెళుగుప్ప దగ్గర ఒక ట్రస్టు నడిపే హైస్కూలు అది. తరగతికి వారానికి రెండు సంగీతం పీరియడ్లు. ఆరులో సరళీ స్వరాలు, ఏడులో జంట స్వరాలు, ఎనిమిదిలో గీతాలు. తొమ్మిదిలో మగపిల్లల గొంతులు విరుగుతాయి కాబట్టి వాళ్లను తాళం వేసే చెక్కలకూ డప్పుకూ మార్చేవాడు. పదో తరగతి పీరియడ్లను డిసెంబరు నుంచి లెక్కల సారు పట్టుకుపోయేవాడు. దానికి విజయభాస్కర్ ఏ ఏడూ గొడవపడలేదు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలకు ఏ శ్రుతి పెట్టాలో తేలక, బడి హార్మోనియాన్ని ఒక ఆదివారం ఇంటికి తెచ్చుకుని భార్యను పాడమన్నాడు. శ్రుతి అంకె పెరిగేకొద్దీ పాట పైకి పోతుంది. ఐదో శ్రుతి దగ్గర లక్ష్మీదేవి గొంతు హాయిగా కుదురుకుంది. "నాకు అందితే పిల్లలకు అందుతుంది" అని, గోళ్లరంగు సీసా తెచ్చి హార్మోనియంలో ఆ మెట్టు మీద ఎర్రచుక్క పెట్టింది. అప్పటి నుంచి ప్రార్థన అయినా పాఠం అయినా ఆ చుక్క మీదే మొదలు.

2023 ఫిబ్రవరిలో లక్ష్మీదేవి పోయింది. పన్నెండు రోజుల తర్వాత ఆయన బడికి వచ్చి సంగీతం గది తెరిస్తే హార్మోనియం మీద దుమ్ము లేదు. ఎవరు తుడిచారో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఏడో తరగతి పిల్లలు జంట స్వరాలు ఒక్క తప్పు లేకుండా పాడారు.

కృపాకుమారి ఇప్పుడు పదో తరగతి. నవంబరులో అనంతపురంలో జిల్లా పోటీ ఉంది. జానపద బృందగానం, ఎనిమిది మంది, ముందు ఒకరు ఎత్తుకోవాలి. పాట కృపాకుమారి తెచ్చిందే. వాళ్లమ్మ పేరు పెద్దక్క; ఆమె చెనిక్కాయ చేలల్లో, అంటే వేరుశనగ చేలల్లో, కలుపు తీస్తూ పాడే పాట. మబ్బును, పుట్టింటి దారి మరిచిపోయిన ఆడబిడ్డను పిలిచినట్టు పిలుస్తుంది ఆ పాట, ఒక్కసారి వచ్చి ముఖం చూపించి పొమ్మని. నాలుగేళ్లుగా ప్రార్థనలో ముందు నిలబడేది కృపాకుమారే కాబట్టి ఎవరు ఎత్తుకోవాలన్న మాటే రాలేదు.

దసరా సెలవుల తర్వాత సాధన మొదలుపెట్టారు. మూడో చరణంలో పాట పైకి పోతుంది. అక్కడ ఆ పిల్ల గొంతు పలచబడి, దారం తెగినట్టు తెగిపోయింది. విజయభాస్కర్ జలుబు అనుకున్నాడు. మిరియాల కషాయం తాగమన్నాడు. వారం గడిచింది. గొంతు అక్కడే తెగుతోంది. ఆ పిల్ల మెడ ఇప్పుడు కదులుతోంది.

గురువారం నాడు ఆయన చెప్పాడు: "కృపా, ఈసారి నువ్వు తాళం చూసుకో. ముందు గౌతమి పాడుతుంది."

గౌతమి తొమ్మిదో తరగతి. సన్నని గొంతు, ఎంత ఎత్తయినా పోతుంది.

"సరే సార్" అంది కృపాకుమారి. చెక్కలు తీసుకుని వెనక మగపిల్లల వరసలో నిలబడింది. ఆ వరసలో ఒక ఆడపిల్ల నిలబడడం అదే మొదలు. మరుసటి రోజు బడికి వచ్చింది గాని పాటకు రాలేదు.

"పేర్లు రేపు సాయంత్రానికి ఇయ్యండి సార్" అన్నాడు ఆ సాయంత్రం హెడ్మాస్టర్ శశికుమార్. "ఆన్‌లైన్లో ఎక్కించినాక మార్చేదానికి ఉండదు."

శనివారం పొద్దున ప్రార్థన కాకముందే పెద్దక్క వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో సద్దిగిన్నె పట్టుకుని సంగీతం గది గుమ్మంలో నిలబడింది. గేటు బయట ఆటోలో కూలికి పోయే ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు.

"ఏం సార్, మా పాపను వెనక్కి తోసినావంట?"

"తోయలేదు పెద్దక్కా. ముందు కూర్చో."

"కూర్చుంటే ఆటో పోతాది. చెనిక్కాయ పీకేదానికి పోతాండాం. ఏమైందో చెప్పు."

"పైన గొంతు అందడం లేదు. అంతమంది ముందు పాట తెగితే పాపకే నామోషీ."

"గొంతు యాడికి పోయినాది? పొద్దున్నే నీళ్లు పడతా పాడతాంటే కొళాయి కాడ బిందెలు నిండి పొర్లుతాండాయి. ఒక్కరూ కట్టేయరు."

"ఇదే పాటా?"

"నా పాటే. మీరు పట్టకొచ్చుకున్నారు గాని."

"మరి ఇక్కడెందుకు రావడం లేదు?"

పెద్దక్క సద్దిగిన్నె చేయి మార్చుకుంది. "నువ్వు ఎప్పుడన్నా కలుపు తీసినావా సార్?"

"లేదు."

"అదీ సంగతి. వంగి పాడే పాట సార్ అది. కడుపు మడతపడి ఉంటాది. ఊపిరి ఇంతే ఉంటాది. మీరు దాన్ని మిద్దె ఎక్కించి పాడిస్తాండారు. యా ఆడది పాడతాది అట్ల?"

విజయభాస్కర్ హార్మోనియం ముందుకు జరుపుకున్నాడు. "ఒక్క చరణం పాడు."

"ఈడనా? పిల్లోళ్లు చూస్తే నవ్వుతారు."

అయినా గిన్నె కింద పెట్టింది. కొంగు దోపుకుని, సిమెంటు నేల మీద నిజంగానే వంగింది. ఎడమచెయ్యి మోకాలి మీద ఆనించి, కుడిచేత్తో లేని గడ్డిని పీకుతూ అందుకుంది. గొంతు బరువుగా, నేలకు దగ్గరగా ఉంది. విజయభాస్కర్ ఐదో శ్రుతి నొక్కి చూశాడు. కలవలేదు. నాలుగు నొక్కాడు. మూడు నొక్కాక హార్మోనియం ఆమె గొంతులోకి వెళ్లిపోయింది. మూడో చరణంలోని ఎత్తు ఆమెకు ఎత్తుగానే లేదు. పక్క సాలుకు జరిగినంత సులభంగా జరిగింది.

"పాపకూ ఇంతేనా?"

"దానికి ఇంకా రవ్వంత పైన. వయసు పిల్ల కదా."

"ఈ మాట నాకు చెప్పొచ్చు కదా అది."

పెద్దక్క గిన్నె ఎత్తుకుంటూ ఆగింది. "చెప్పద్దనింది సార్ నన్ను. ఆ చుక్క మీ ఇంట్లో అమ్మ పెట్టింది అంట కదా. అమ్మ పోయిన యేడే పిల్లోళ్లంతా మాట్లాడుకున్నారంట, దాన్ని మార్చమని సారును ఎవురూ అడగద్దని." నాలుక కరుచుకుంది. "అయ్యో, చెప్పేస్తినే."

బయట ఆటో హారన్ కొట్టింది.

"వస్తాండాం, ఉండప్పా!" అని అరిచి, గొంతు తగ్గించింది. "పది అయిపోతే పామిడిలో హాస్టల్లో ఏస్తాండాం. ఆడ ఈ పాటలు ఎవురు చెప్తారు సార్ దానికి? ఈ ఒక్క తూరే కదా." ఇంకేం వినకుండా వెళ్లిపోయింది.

విజయభాస్కర్ ఆ మెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. వేళ్లు తగిలి తగిలి చుక్క ఒక పక్క అరిగింది. మగపిల్లల గొంతు విరిగితే చప్పుడు అవుతుంది, గదిలో నవ్వులు లేస్తాయి, అందుకని ఆయనకు ప్రతి ఏడూ తెలిసేది. ఆడపిల్లల గొంతు చప్పుడు లేకుండా దిగుతుంది. ఎవరో ఒకరు చెప్పాలి. లక్ష్మీదేవి ఉన్నప్పుడు చెప్పేవాళ్లు, "సార్, ఎత్తుంది" అని ఎనిమిదో తరగతి పిల్లలు సణిగేవాళ్లు. గడచిన రెండున్నరేళ్లుగా ఎవరూ సణగలేదు. తన పాఠం కుదిరిందని అనుకున్నాడు ఆయన.

మధ్యాహ్నం సాధనకు కృపాకుమారిని పిలిపించాడు. ఆ పిల్ల వచ్చి నేరుగా చెక్కల దగ్గరికి పోయింది. ఆయన నాలుగో శ్రుతి మీద వేలు పెట్టి తిత్తి ఆడించాడు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సార్, చుక్క అది కాదు" అంది గౌతమి.

"తెలుసమ్మా. ఈ పాట వంగి పాడాలంట."

కృపాకుమారి తల ఎత్తింది. "మా యమ్మ వచ్చినాదా సార్?"

"వచ్చింది."

"ఏం చెప్పినాది?"

"నాకు కలుపు తీయడం రాదని చెప్పింది."

ముందు గౌతమికి నవ్వొచ్చింది, తర్వాత అందరికీ. కృపాకుమారి మాత్రం నవ్వలేదు. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని హార్మోనియం వైపే చూస్తోంది.

"చెక్కలు కింద పెట్టి ముందుకు రా" అన్నాడు ఆయన. "శ్రుతి ఎత్తు అనిపిస్తే అప్పుడే చెప్పు. చెప్పకపోతే నాకు తెలీదు."

పాట మొదలైంది. మొదటి చరణంలో ఆ పిల్ల ఇంకా భయంభయంగానే పాడింది. రెండో చరణం సగంలో భుజాలు దిగాయి. మూడో చరణం వచ్చింది. ఆయన వేళ్లు కొంచెం నెమ్మదించాయి. గొంతు తెగలేదు. బరువుగా పైకి వెళ్లి, అక్కడ కాసేపు ఉండి, దిగింది. మెడ కదల్లేదు.

"సార్, కింద నాకు అందల్లేదు" అంది గౌతమి. "వట్టి గాలి వస్తాంది."

"మూడో చరణంలో పైవరస నువ్వు అందుకో. కింద పెదాలు కదిపితే చాలు."

"అయితే ముందు నేను కాదా?"

"కాదమ్మా."

"పోనీలే. తాళం మాత్రం ఈయొద్దు సార్. వీళ్ల పక్కన నిలబడితే ఒకటే చెమట కంపు."

"నీకేదో మల్లెపూల వాసన వస్తాండాది" అని వెనక వరసలోంచి ఎవడో అన్నాడు. సాధన పావుగంట ఆగిపోయింది.

సాయంత్రం శశికుమార్ కాగితం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మళ్లీ కృపాకుమారేనా? నిన్న గౌతమి అన్నారే."

"శ్రుతి నేను తప్పు పెట్టాను సార్."

"ఓహో" అని హెడ్మాస్టర్ సంతకం చేశాడు. ఆయనకు శ్రుతి గురించి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అది కూడా ఒక్కోసారి మేలే.

విజయభాస్కర్ సంగీతం గదికి తిరిగి వచ్చేసరికి గుట్టల మీది గాలిమరల వెనక్కి పొద్దు వాలుతోంది. పిల్లలు వెళ్లిపోయారు. చెక్కలు ఎవరో వాటి మేకుకు తగిలించారు. హార్మోనియం తిత్తి మూసి, మెట్లు తుడిచాడు. చుక్కను గీకలేదు. నాలుగో మెట్టు మీద కొత్తదేమీ పెట్టలేదు. సోమవారం ఆరో తరగతితో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ పాడించి, ఎక్కడ అందుతుందో అడగాలి. దానికి రెండు వారాలు పడుతుంది. పాఠం వెనకబడుతుంది. పడనీ.

గది తలుపు నేలకు రాసుకుని కీచుమంటుంది. పిల్లలు దాన్ని కొంచెం పైకెత్తి మూయడం ఎప్పుడో నేర్చుకున్నారు. ఆయన కూడా రెండు చేతులతో తలుపు కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా మూసి, తాళం వేశాడు.