బస్సు కంటే ముందు చేరే పడవ

ప్రతి జనవరిలోనూ ఇంగ్లండులో బర్న్లీ అనే ఊళ్ళో ఉండే యాష్‌వర్త్ వాళ్ళింట్లో ఒకటే తగువు. వేసవి సెలవులకి పడవలో పోవాలా, బస్సులో పోవాలా అని. వాల్టర్‌దీ, అతని చెల్లెలు మేవిస్‌దీ పడవ పక్షం. వాల్టర్ భార్య హిల్డాది బస్సు పక్షం.

అన్నాచెల్లెళ్ళు పుట్టి పెరిగింది బొగ్గు మోసే పడవలో. వాళ్ళ నాన్న కాలువ మీద లివర్‌పూల్ దాకా సరుకు తోలేవాడు. నీళ్ళ మీద గడపనిది వాళ్ళకి సెలవే కాదు. హిల్డాకి మాత్రం కాళ్ళ కింద నేల కదిలిందంటే గుండెల్లో దడ. అటు ఇద్దరూ ఇటు ఒక్కతీ అయినా ప్రతి ఏడూ గెలిచేది హిల్డాయే. వాల్టర్ కాసేపు వాదించి, "సరేలే, నీ ఇష్టం" అనేసేవాడు. అన్న అలా అన్నాక, పెళ్ళీ గిళ్ళీ లేకుండా వాళ్ళతోనే ఉండిపోయిన మేవిస్ ఇంక పెదవి విప్పేది కాదు. అలా స్కాట్లండ్ కొండలూ, వేల్స్ తీరమూ, ఆస్ట్రియా సరస్సులూ అన్నీ ముగ్గురూ బస్సు అద్దంలోంచే చూశారు.

వాల్టర్ పోయిన మరుసటి ఏడు ఆడవాళ్ళిద్దరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ పై ఏడు, వంటింటి బల్ల మీద రంగురంగుల ప్రయాణాల పుస్తకాలు మళ్ళీ పరుచుకున్నాయి.

"ఈసారైనా పడవెక్కుదాం హిల్డా," అంది మేవిస్. "రైన్ నది. గది కిటికీ తీస్తే నీళ్ళే. పెట్టె ఒక్కసారి విప్పుకుంటే మళ్ళీ సర్దే పనే ఉండదు. నీ బస్సయితే పూటకో హోటలు, పూటకో మంచం, వెనక సీట్లో ఎవడిదో గురక."

"బస్సు నచ్చకపోతే దిగిపోవచ్చు. పడవ నచ్చకపోతే ఎక్కడికి దిగుతావ్?"

"నచ్చకపోతే కదా."

"నీళ్ళు చూడాలి, అంతేగా నీ గోల? ఇదిగో, నది ఒడ్డునే పోయే బస్సు ఉంది. కిటికీ సీటు నీకే ఇస్తాలే."

మేవిస్ ఆ బొమ్మలు చాలాసేపు చూసింది. "పెళ్ళివారి గుమ్మం బయట నిలబడి వాసన పీల్చినట్టుంటుంది," అని, టీ గిన్నెలు తీసుకుని లేచిపోయింది. ఆపమని చెప్పడానికి అన్న లేకపోయినా, ఆవిడ అంతకంటే వాదించలేదు.

జూన్‌లో బయల్దేరారు. బస్సు తోలే కీత్ అనే అతను బర్న్లీవాడే. మొగుడు పోయిన ముసలమ్మలనీ, మునిమనవలున్న ముసలమ్మలనీ కూడా తేడా లేకుండా "బంగారం" అని పిలిచేవాడు. ఇంగ్లిష్ చానెల్ దగ్గర బస్సుని రైలెక్కించి, సముద్రం కింద సొరంగంలోంచి ఫ్రాన్సుకి దాటించాడు.

"నీళ్ళ మీద పోవడానికి భయంగానీ నీళ్ళ కింద పోవడానికి లేదే దీనికి," అని మేవిస్ అందరికీ వినబడేలా అంది. బస్సంతా నవ్వింది. హిల్డా కూడా నవ్వింది. వాల్టర్ పోయాక మేవిస్ వేళాకోళమాడడం అదే మొదటిసారి.

మొదటిసారి ఆ పడవ కనబడింది జర్మనీలో కొబ్లెంజ్ ఊరు దాటాక. నది ఎడమవైపుకొచ్చింది. కొండల మీద ద్రాక్షతోటలు, కింద రైలు పట్టాలు, రోడ్డు, నీళ్ళు. మేవిస్ కిటికీ పక్కన, హిల్డా ఇవతల. పుదీనా బిళ్ళల పొట్లం తీద్దామని హిల్డా సంచీ మీదికి వంగి, తలెత్తేసరికి నది మధ్యలో పొడుగాటి తెల్ల పడవొకటి వాళ్ళ బస్సుతో సమానంగా పోతోంది. పైన డెక్కు మీద వరసగా కుర్చీలు. జనం ఎవరూ లేరు, ఒక్క మనిషి తప్ప. బూడిదరంగు టోపీ పెట్టుకుని, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ చేతి మీద తన చెయ్యి వేసి ఉంచాడు, రద్దీ రైల్లో ఎవరికోసమో చోటు ఆపినట్టు.

వాల్టర్ పోస్ట్‌మాన్‌గా పనిచేసినవాడు. ఉత్తరాల సంచీ మోసీ మోసీ అతని ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఏ చొక్కా కుట్టించినా ఆ వైపు చెయ్యి పొడుగైపోయేది, హిల్డా మడిచి కుట్టేది. ఆ భుజం ఆమెకి ఎంత దూరాన్నుంచైనా తెలుస్తుంది.

హిల్డా నోట్లో బిళ్ళ వేసుకుంది. టోపీ పెట్టుకున్న ముసలాళ్ళు, వంగిన భుజాలు దేశమంతా ఉంటాయి అనుకుంది. మేవిస్ వైపు చూసింది. మేవిస్ కిటికీలోంచి బయటికే చూస్తోంది. రోడ్డు సొరంగంలోకి దూరింది. బయటికొచ్చేసరికి నది మీద ఏమీ లేదు.

ఆ రాత్రి బోపార్డ్ అనే ఊళ్ళో దిగారు. పొద్దున ఫలహారం అయ్యాక ఒడ్డుకొచ్చి చూస్తే, ఊరికి ఎగువన నది మధ్యలో అదే పడవ. అదే వీపు. ఇంజను చప్పుడు లేదు. హంసల గుంపొకటి ప్రవాహంలో కిందికొస్తూ పడవ ముక్కుకి ఎదురైంది. పక్కకి తప్పుకోలేదు. అలాగే వచ్చి, పడవలోకే దూరి కనిపించకుండా పోయి, ఇవతలి వైపున తేలాయి. ఒక్కటీ రెక్క విదల్చలేదు.

హిల్డా బస్సు దగ్గర అద్దాలు తుడుస్తున్న కీత్ దగ్గరికెళ్ళింది.

"కీత్, ఆ తెల్ల పడవ నిన్న మన బస్సుతో సమానంగా పోయింది కదా. పడవ అంత వేగంగా ఎలా పోయిందంటావ్?"

కీత్ గుడ్డ భుజాన వేసుకుని నది వైపు చూశాడు. "తెల్లదా? నాకు ఇసుక పడవొక్కటే కనబడుతోంది బంగారం. అయినా ఎదురునీటికి పోయే పడవ సైకిలంత వేగం కూడా పోదు. అది బస్సుతో సమానంగా పోవడమేంటి?"

"నేనే పొరబడ్డాన్లే," అంది హిల్డా. ఎండ బాగానే ఉంది. అయినా బస్సులోంచి కోటు తెచ్చుకుంది.

ఆ రోజంతా కోటలు చూపించారు. హిల్డా కోట గోడల మీంచి కిందికి చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది, ప్రతిచోటా చూసింది. ప్రతిచోటా ఉంది అది. వాళ్ళు భోజనానికి ఆగితే ఆగుతోంది. కదిలితే ఎప్పుడో ముందే వెళ్ళి అక్కడుంటోంది. మనిషి మాత్రం తల తిప్పలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె పిలిస్తే వాల్టర్ తిరక్కుండా ఉన్న రోజు లేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడు, గోడ మీంచి గట్టిగా పిలవబోయి గొంతులోనే ఆపుకుంది. పిలిస్తే తిరుగుతాడేమోనని భయమేసింది. ఇటు తిరిగితే ఆ ముఖం ఎలా ఉంటుందో.

సాయంత్రం బాహరాహ్ అనే చిన్న ఊళ్ళో బస. హోటలు ముందు అరుగు మీద కూర్చుంటే రేగుపళ్ళలాంటి నల్లటి పళ్ళు పరిచిన కేకూ, కాఫీ పెట్టారు. మేవిస్ కేకు ముట్టుకోలేదు.

"ఆ టోపీ నేను కొన్నదే," అంది.

హిల్డా చెంచా కింద పెట్టింది.

"స్కిప్టన్ సంతలో కొన్నా. అన్న అరవయ్యో పుట్టినరోజుకి. వెనకాల కుట్టు దగ్గర కొంచెం రంగు తేడా ఉంటుంది. చూశావా?"

"అంత దూరాన్నుంచి ఎలా కనబడుతుందే?"

"నాకు కనబడింది."

"మొదటిరోజే చూశావా?"

"నీకంటే ముందే. నువ్వు బిళ్ళలు వెతుక్కుంటున్నావ్."

"మరి చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

పక్క బల్ల దగ్గర బస్సులోవాళ్ళు పేకాడుకుంటున్నారు, ఎవరో గెలిచి బల్ల చరిచారు.

"నీకోసం వచ్చాడు," అంది మేవిస్. "చోటు పట్టి కూర్చున్నాడు చూడు. బతికున్నన్నాళ్ళూ నువ్వు ఎక్కలేదుగా."

"నాకోసమైతే పడవలో ఎందుకొస్తాడు? నా సంగతి ఆయనకి తెలీదూ?"

ఆ మాట అన్నాక అందులో ఏముందో హిల్డాకే తట్టింది. మేవిస్‌కీ తట్టినట్టుంది. కప్పు పైకెత్తి, చల్లారిపోయిన కాఫీ అంతా ఒక్క గుక్కలో తాగేసింది.

తెల్లవారాక బస్సు కదిలే లోపు రొట్టెలు కొనుక్కొస్తామని కీత్‌కి చెప్పి ఇద్దరూ రేవు వైపు నడిచారు. రొట్టెల కొట్టు ఊళ్ళో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నది మీద పొగమంచు కమ్ముకుని ఉంది. తుప్పు పట్టిన గొలుసు దాటి, పాత రాతి రేవు దగ్గరికొచ్చేసరికి పడవ కట్టేసి ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఇంకా పొడుగ్గా ఉంది, రెండు కొసలూ మంచులో కలిసిపోయి. రేవు మీంచి పడవలోకి ఎక్కడానికి చెక్క పలక వేసి ఉంది. పలక దగ్గర తెల్లకోటు వేసుకున్న కుర్రవాడు నిలబడి ఉన్నాడు. కోటు ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"ఒక్కరికే చోటుందండీ," అన్నాడు. "మీ ఇద్దరిలో ఆవిడెవరు?"

వాడి మాట జర్మన్ వాడు మాట్లాడే ఇంగ్లీషులా లేదు. బర్న్లీ కాలువ గట్టు యాస. వాల్టర్ వాళ్ళ నాన్న మాట్లాడినట్టే, ఇప్పుడు ఎవరూ మాట్లాడనట్టు ఉంది.

పైన డెక్కు మీద వాల్టర్ వీపు కనబడుతోంది. కుట్టు దగ్గర రంగు తేడా ఉంది. హిల్డా పలక మీద ఒక కాలు పెట్టింది. పలక కదల్లేదు. పడవల పలకలు కదులుతాయి, అందుకే కదా ఆమెకి భయం. ఇది రాయిలా ఉంది, చలి మాత్రం చెప్పులోంచి మోకాలిదాకా పాకింది. ఆమె కిందికి చూసింది. నీళ్ళలో రేవు నీడ ఉంది, గొలుసు నీడ ఉంది, తన నీడా ఉంది. పడవ నీడ లేదు.

"వాల్టర్," అంది మెల్లగా.

అతను తిరగలేదు. చెయ్యెత్తి పక్క కుర్చీని రెండుసార్లు తట్టాడంతే. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, రా అని సోఫా తట్టినట్టు. ఆ సోఫాలో అతని పక్కన ఒక వైపు హిల్డా, మరో వైపు మేవిస్ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఏ వైపు తట్టాడో హిల్డా చూసింది. తనవైపు కాదు.

కాలు వెనక్కి తీసుకుంది.

మేవిస్ అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. హిల్డా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దే. అది మన వాల్టర్ అవునో కాదో. ముఖం చూపించట్లేదు, చూడు."

"వీపు చాల్లే నాకు."

"నన్నొక్కదాన్నీ వదిలేసి పోతావా?"

"నీకు బస్సుంది, కీత్ ఉన్నాడు, ఊళ్ళో అందరూ ఉన్నారు. నాకెవరున్నారు చెప్పు?" మేవిస్ గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్ళూ నీ కిటికీల్లోంచి చూశా హిల్డా. ఏమీ అనుకోకు. ఇంక చెయ్యి వదులు."

హిల్డా ఎంతసేపు పట్టుకుందో ఆమెకే తెలీదు. చివరికి వదిలింది. మేవిస్ తన చేతిసంచీ ఆమెకిచ్చింది. "దీంతో అక్కడేం పని," అని చిన్నప్పటి అలవాటున్న కాళ్ళతో చకచకా పలకెక్కి వెళ్ళిపోయింది. తెల్లకోటు కుర్రవాడు పలక లాగేశాడు. తాడు విప్పిన చప్పుడు లేదు, నీళ్ళు కదిలిన చప్పుడు లేదు. మంచులో తెల్లగా ఉన్నదల్లా ఉత్త మంచైపోయింది.

కీత్ వెతుక్కుంటూ వచ్చేసరికి హిల్డా రెండు సంచీలు పట్టుకుని రేవు మీద నిలబడి ఉంది.

పోలీసులు మంచివాళ్ళే. ఈతగాళ్ళని దింపారు, దిగువ ఊళ్ళన్నిటికీ కబురు పెట్టారు. మేవిస్ సంచీలో పాస్‌పోర్టూ, రక్తపోటు మాత్రలూ, సగం అల్లిన మేజోడూ ఉన్నాయి. ఆ పొద్దున అక్కడ ఏ పడవా ఆగలేదన్నాడు రేవు చూసుకునే పెద్దాయన. వరదకి పునాది కదిలినప్పటి నుంచీ ఆ రేవుకి పడవ కట్టడమే లేదుట, అందుకే గొలుసు వేశారుట. ఆవిడ ఈమధ్య దిగులుగా ఉండేదా అని పోలీసులు అడిగారు. "లేదు. సొరంగం దగ్గర నన్ను వేళాకోళం కూడా చేసింది," అంది హిల్డా. జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పింది. రాసుకుంటున్న పోలీసు అమ్మాయి కలం ఆపి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. రెండోసారి హిల్డా చెప్పలేదు.

నది ఏమీ తిరిగివ్వలేదు. కొన్నాళ్ళకి బస్సు కంపెనీవాళ్ళు ఇంటివైపు పోయే మరో బస్సులో ఆమెకి చోటిచ్చారు. అందులో అందరూ కొత్తవాళ్ళు. ఈసారి కిటికీ పక్కన హిల్డాయే కూర్చుంది, పక్క సీటు ఎవరూ అడగలేదు. రోడ్డు నదిని వదిలి పడమటికి తిరగబోయే ముందు, ఎండ మిలమిల్లాడుతున్న నీళ్ళ మీద తెల్ల పడవ కనబడింది.

రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. అన్నాచెల్లెళ్ళు తలలు దగ్గరపెట్టి ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఇంట్లో కాలువ కబుర్లు మొదలైతే అంతే, హిల్డా అనే మనిషి గదిలో ఉన్నట్టే గుర్తుండేది కాదు వాళ్ళకి. ఇప్పుడూ ఆమెకి ముందు భయం కాదు, ఆ పాత ఉక్రోషమే వచ్చింది. అద్దం మీద వేళ్ళతో కొట్టింది.

వాల్టర్ తిరగలేదు. మేవిస్ తిరిగింది. ముఖం బాగానే ఉంది, ఎప్పటికంటే నునుపుగా ఉంది. నేరుగా హిల్డా కళ్ళలోకి చూసింది. గుర్తుపట్టలేదు. సెలవులకి పడవలో పోయేవాళ్ళు ఒడ్డు మీద పోయే బస్సుల వాళ్ళకి మర్యాదకి చెయ్యి ఊపుతారు కదా, అలా చెయ్యి ఊపి, మళ్ళీ అన్న వైపు తిరిగిపోయింది.

హిల్డా కూడా చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా, ముందు సీటావిడ "ఎవరైనా తెలిసినవాళ్ళా?" అని అడిగేదాకా ఊపుతూనే ఉంది.