అంచు కట్టని బుట్ట

ఓడ వచ్చిన రోజు మా దీవి సంతలో ఎవరికీ ఒంటిమీద స్పృహ ఉండదు. తెల్లారేసరికి ఆ తెల్లటి మేడ రేవులో నిలబడి ఉంటుంది. మేం బల్లలమీద బుట్టలూ చాపలూ విసనకర్రలూ పరిచి, పూలగౌన్లు సర్దుకుని కూర్చుంటాం. కాసేపటికి జనం దిగుతారు. ఎండకి ఎర్రబడ్డ ముక్కులు, చంకలో నీళ్ళ సీసాలు. ప్రతిదీ ముట్టుకుంటారు, వాసన చూస్తారు, పక్క బల్లకి పోతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా వాళ్ళమీద నాకు చిరాకు తగ్గలేదు. అలాగని ఓడ రాకపోతే మా ఇళ్ళల్లో గడవదు.

నా పక్క బల్ల లెయ్‌పకోవాది. మొగలాకు బుట్టలు అల్లడంలో ఆమెది మంచి చెయ్యి, ఆమె కూతురు రొసీనాది ఇంకా మంచి చెయ్యి. ఆ పిల్ల మొన్న వానల్లో జ్వరం తగిలి పోయింది. పెళ్ళీడు పిల్ల. మంచాన పడేనాటికి ఒక చిన్న బుట్ట అల్లుతూ ఉంది. అడుగు అయింది, గోడలు లేచాయి, పై అంచు మొదలుపెట్టి కాస్త దూరం వచ్చి ఆపేసింది. మిగతా ఆకుపాయల కొసలు పైకి లేచి అలాగే ఉండిపోయాయి. పాయని నీళ్ళల్లో తడిపే ఓపిక ఆ పిల్లకి ఉండేది కాదు, పళ్ళతో కొరికి మెత్తబరిచేది. మేకవా నువ్వు అని నేను తిట్టేదాన్ని, నవ్వేది. ఆఖరుసారి పట్టుకున్న పాయమీద ఆ పంటిగాట్లు అలాగే ఉండేవి.

లెయ్‌పకోవా ఆ బుట్టని గుడ్డసంచిలో పెట్టుకుని ఓడ వచ్చినప్పుడల్లా సంతకి తెచ్చేది. బేరం లేనప్పుడు ఒళ్ళో పెట్టుకుని ఆ కొసల్ని బొటనవేలితో తడిమేది. అల్లేది మాత్రం కాదు. అంచు కట్టని బుట్ట అమ్మకానికి కాదని మాలో పసిపిల్లకి కూడా తెలుసు. అది ఎక్కడ పడి ఉన్నా ఎవరూ ముట్టరు. అందుకని దాని గురించి ఆమెకి బెంగ ఉండేది కాదు.

బెంగంతా నూరో రోజు విందు గురించే. చనిపోయిన ఆడపిల్ల తన చేత్తో అల్లింది ఒకటి ఆ రోజు మేనమామ చేతికి వెళ్ళాలి. రొసీనా అల్లినవన్నీ ఎప్పటికప్పుడు ఓడలెక్కి వెళ్ళిపోయాయి, మిగిలింది ఇదొక్కటే. విందు వచ్చేవారం. అంచు కట్టకుండా ఇవ్వకూడదు, కట్టాక ఇంట్లో ఉంచుకోకూడదు. ఆమె ఎందుకు కట్టడం లేదో నాకు తెలియక కాదు. అయినా ఊరుకోలేక, మీ అన్న అందరి ముందూ ఖాళీ చేతులతో లేచి వెళ్ళాలా అని కటువుగానే అడిగాను. కడతాలే అక్కా అంది, నా మొహం చూడకుండా.

ఆమె ఆడపడుచు టూకోలా అదే బల్ల దగ్గర సాయం చేస్తుంది, మధ్యాహ్నం వంట కూడా తనదే. చాలా మంచి మనిషి. ఎవరు బాధపడుతున్నా చూసి తట్టుకోలేదు, వెంటనే ఏదో ఒకటి చేసెయ్యాలి. ఆ రోజు లెయ్‌పకోవా నీళ్ళకోసం కుళాయి దగ్గరికి వెళ్ళి వరసలో ఇరుక్కుపోయింది. టూకోలా సంచిలోంచి బుట్ట తీసి, మాకు వీపు తిప్పి కూర్చుని అంచు కట్టేసింది. నేను చాపలు తగిలించుకుంటున్నాను, ఏదో పనిలో ఉందనుకున్నాను. వదిన గుండెల్లోంచి ఒక బరువు దింపేశానని దాని సంబరం. అన్నాలప్పుడు చూపించి ఆశ్చర్యపరుద్దామని బుట్టని బల్ల చివర పెట్టి, వంట చెయ్యడానికి పాక వెనక్కి వెళ్ళిపోయింది.

లెయ్‌పకోవా నీళ్ళు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఓడ జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ, వెనకాల ఆవిడ మొగుడు, లెయ్‌పకోవా బల్ల దగ్గర ఆగారు. ముసలమ్మ ఒక పెద్ద బుట్ట ఎత్తి అందులో ఇంకోటి, అందులో ఇంకోటి పెట్టుకుంటూ పోయింది. మాలో అలా ఒకదాంట్లో ఒకటి పెట్టిన బుట్టల్ని మళ్ళీ విడదియ్యం. పైకి కనిపించే అంచుల్ని వేలితో తాకుతూ లెక్కపెట్టి ధర చెప్పేస్తాం. లెయ్‌పకోవా అలాగే చేసింది. అప్పటికే ఇంకో ఇద్దరు ఏదో అడుగుతున్నారు, ఆమె వాళ్ళవైపు చూస్తూనే అంచులు తాకింది, డబ్బు తీసుకుంది. అన్నిటికంటే లోపల ఉన్నది రొసీనా బుట్ట.

జనం పలచబడ్డాక టూకోలా లాప్‌లాప్ తెచ్చింది. కంద తురిమి, కొబ్బరిపాలు పోసి, అరిటాకులో చుట్టి, కాల్చిన రాళ్ళమీద ఉడికించింది. లాప్‌లాప్ మాలో ఎవరూ ఒక్కరే కూర్చుని తినరు. పొట్లం విప్పితే దారినపోయేవాళ్ళకి కూడా ముక్క పెడతాం. పొట్లం బల్లమీద పెట్టి టూకోలా మొహమంతా నవ్వుతో అడిగింది.

"వదినా, చూశావా?"

"ఏంటి చూసేది?"

"బల్ల చివర పెట్టానే. రొసీనా బుట్ట. అంచు కట్టేశాను, నీకు చేతులు రావడం లేదని."

లెయ్‌పకోవా వంగి బల్లకింద సంచి తీసింది. ఖాళీ. బల్ల చివరకి చూసింది. తర్వాత తన వేళ్ళవైపు చూసుకుంది. ఆ చూపుతోనే ఏం జరిగిందో నాకు అర్థమైంది. 

బల్లలు అలా వదిలేసి ముగ్గురం రేవుకి పరుగెత్తాం. పరుగు నా వయసుకి తగ్గది కాదు, కానీ మా ముగ్గురిలో ఆ జనంతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగేది నేనే. రేవు గేటు దాటి మమ్మల్ని పోనివ్వరు. అదృష్టంకొద్దీ కాపలా ఉన్నవాడు కల్సౌ, మా చర్చివాడే. ఓడెక్కేవాళ్ళు వాడి ముందునించే పోవాలి. కర్రపట్టుకున్న ముసలమ్మ ఇంకా రాలేదని చెప్పాడు. ఎండలో ఇనపచువ్వలు పట్టుకుని నిలబడ్డాం. టూకోలా ఏడుస్తూనే ఉంది. లెయ్‌పకోవా ఏడవలేదు, వచ్చేవాళ్ళ చేతుల్నే చూస్తోంది.

చివరికి వచ్చారు. నేను అడ్డం వెళ్ళి విషయం చెప్పడం మొదలెట్టగానే ముసలాయన పెళ్ళాం జబ్బపట్టి లాగాడు. అమ్మేశాక ఇంకా డబ్బు గుంజడానికి వెంటపడ్డామనుకున్నాడు. ఒళ్ళు మండింది కానీ నోరు కట్టేసుకున్నాను. చనిపోయిన పిల్లది, తల్లికి తెలియక అమ్మేసింది, దీనికి బదులు బల్లమీద ఉన్నవన్నీ తీసుకోండి అన్నాను. ముసలమ్మ లెయ్‌పకోవాని చూసింది. మొగుడి చెయ్యి విదిలించుకుని, అక్కడే బుట్టలు ఒక్కొక్కటీ విడదీసి, చిన్నది తీసి ఇచ్చింది. డబ్బు వెనక్కిస్తే పుచ్చుకోలేదు. ఒక్క ఫోటో తీసుకోవచ్చా అని మాత్రం అడిగింది.

వద్దని ఎలా అంటాం? లెయ్‌పకోవా కూతురి బుట్టని గుండెకి ఆనించుకుని, గేటుముందు ఎండలో నిలబడింది. ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఫోటో తీసుకుని ఓడెక్కింది. ఆవిడ మంచిదే, ఆ మాట ఒప్పుకుంటాను. ఆ ఫోటో ఎవరికి చూపించి ఏం చెప్పుకుంటుందో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వాళ్ళు పోయాక, బుట్ట దొరికిందిగా, ఇంక పదండి అన్నాను. లెయ్‌పకోవా కదల్లేదు. బొటనవేలిని అంచుమీద పెట్టి చుట్టూ తిప్పుతోంది. ఒకసారి తిప్పి, మళ్ళీ మొదటికొచ్చి, ఈసారి నెమ్మదిగా తిప్పింది. టూకోలా అల్లికలో ఎక్కడా ఎగుడుదిగుడు లేదు.

"నీ అల్లిక ఎక్కణ్ణించి?" అని అడిగింది.

టూకోలా బుట్ట తీసుకుని చూసింది. వెలుతురుకి పెట్టి చూసింది.

"పిల్ల చెయ్యిలాగే రావాలని అల్లాను వదినా. ఎక్కణ్ణించో... నాకూ తెలీడం లేదు."

"పళ్ళతో కొరికిన పాయ ఉండేది."

"కొసలన్నీ కత్తిరించేశాను."

"కత్తిరించి ఎక్కడ వేశావు?"

 టూకోలా నేలచూపులు చూస్తూ, రాళ్ళు కాల్చడానికి మంట అంటుకోకపోతే అవి వేసి రాజేశానంది.  

సంతకి తిరిగొచ్చేసరికి, ఆ మంటతో ఉడికిన లాప్‌లాప్ చల్లారిపోయింది. మా బల్లలు ఎలా వదిలామో అలాగే ఉన్నాయి. లెయ్‌పకోవా బుట్టని సంచిలో పెట్టలేదు. వచ్చేవారం ఎలాగూ అన్న చేతికి వెళ్ళేదే, బల్లమీద మిగతావాటి పక్కన పెట్టింది. కూర్చుని పొట్లం ముందుకి లాక్కుని అరిటాకు విప్పింది. టూకోలా అలవాటుగా చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

లెయ్‌పకోవా ఎవరికీ పెట్టలేదు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నా తలెత్తలేదు. ముక్క తర్వాత ముక్క, ఆకుకి అంటుకున్నది కూడా వేలితో గీరి, మొత్తం తనే తినేసింది.