మైకు పీకేసిన సాయంత్రం

కుక్కర్ దించేలోపు పాస్‌వర్డ్ మార్చెయ్యాలి. మా ఆయన సామ్ సుందర్ చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లాడు. వచ్చాడంటే కాళ్లు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని నా మెయిల్ తెరుస్తాడు. ఈరోజు అందులో నా స్నేహితురాలు మాబెల్ రాసిన ఉత్తరం ఉంది. నాంపల్లిలో గది దొరికిందట, శనివారం పాపను తీసుకుని వచ్చేయమంది. అది అతని కంటపడితే ఇక నన్ను గడప దాటనివ్వడు. తుడిచేసినా లాభం లేదు, రేపు చిరునామాతో ఇంకోటి వస్తుంది.

నేనేం పెట్టినా కనిపెట్టేస్తాడు. పాప పేరు కేథరిన్ పెట్టాను, దొరికిపోయింది. అమ్మ పుట్టినరోజు, నాకిష్టమైన కీర్తన నంబరు, అన్నీ దొరికిపోయాయి. "డోర్కాస్, నీ మనసుల ఏముంటదో నాకు తెల్వదా?" అని నవ్వుతాడు. ఆ నవ్వంటేనే నాకు వణుకు. మా అత్తగారు జయమ్మ, "మొగనికి తెల్వకుంట ఆడదానికేం పనుంటది?" అంటుంది. నా బుర్రలోంచి వచ్చేదేదీ నాది కాదు ఈ ఇంట్లో.

కాబట్టి నా బుర్రలోంచి రానిది కావాలి. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసులో నేను చేసే పనే అది. సౌండ్ కార్డుకు మైకు పెట్టకుండా రికార్డింగ్ వాల్యూమ్ పూర్తిగా పెంచితే, ఖాళీ సాకెట్లోంచే ఓ సన్నని హోరు వస్తుంది. దాన్ని నంబర్లుగా మార్చి పాస్‌వర్డ్‌లు చేస్తాం. ఏం వస్తుందో చేసేవాళ్లకీ ముందు తెలియదు. ఆ ప్రోగ్రాం రాసింది నేను. క్లయింట్లకు చూపించేది మేనేజర్ అమరేశ్వరరావు గారు. అప్పుడు నాకప్పగించే పని వాళ్లందరికీ చాయ్ చెప్పి రావడం.

ఆ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పెట్టి నడిపాను. నంబర్లలో ఏ వరసా లేదని తేల్చే పరీక్షలో తప్పాయి. మళ్లీ నడిపాను, మళ్లీ తప్పాయి. మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైతే లేచి తలుపు సందులోంచి చూశాను. పక్కింటివాళ్లు. అప్పుడు కనిపించింది, కంప్యూటర్ వెనక అతని మైకు, పాటలు రికార్డు చేసుకునేది. అది ఫ్యాను మోతను పట్టేస్తోంది. ఎంత మోత చేసినా ఫ్యాను తిరిగేది ఒకే తీరు, నంబర్లూ ఒకే తీరు. "శబ్దం ఎంత ఎక్కువుంటే అంత మంచిదమ్మా" అంటూ మేనేజరుగారూ ఓసారి మైకు పెట్టి ఇదే తప్పు చేశారు.

అతని వస్తువు నేను ముట్టుకోకూడదు. కళ్లు మూసుకుని పీకేశాను. ఈసారి నంబర్లు గట్టెక్కాయి. తెర మీద అర్థంపర్థం లేని అక్షరాలు. పెదవులు కదుపుతూ బట్టీపట్టి, మార్చేసి, కుక్కర్ దించాను.

అతనొచ్చాడు. వంటింట్లోంచి కీబోర్డు టకటకలు వింటున్నాను. ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ ఆగాయి.

"మైకెందుకు పీకినవ్? పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్?" గుమ్మంలో నిలబడి అరిచాడు. పాప నా కొంగు పట్టుకుంది.

"ఏందే, చెప్తవా చెప్పవా?"

తర్వాత అతనేమంటాడో నాకు తెలుసు. నేనేమంటానో తనకూ తెలుసుననే అనుకుంటున్నాడు.

"చెప్పను" అన్నాను.