మూడో వరసలో తల

ఎడిటింగ్ గదిలో ఏసీ బాగానే పనిచేస్తోంది. అయినా కత్తెరమ్మకి ఒళ్లు మండిపోతోంది. ఆమె అసలు పేరు పోస్టర్ల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది గానీ, స్టూడియోలో ఆ పేరుతో పిలిచినవాడు లేడు. చాలా ఏళ్లుగా సినిమాలు కోస్తోంది కాబట్టి కత్తెరమ్మ అయిపోయింది.

ఇప్పుడు కోస్తున్నది ఓ పదిహేనేళ్ల పిల్ల కథ. ఉన్నట్టుండి ఆ పిల్ల చేతుల్లోకి ఎక్కడలేని బలం వచ్చిపడుతుంది. బ్రేకులు తెగిన బస్సుని ఒంటిచేత్తో ఆపేస్తుంది, జనం దిగగానే ఆ బస్సు పేలిపోతుంది. అదే సాయంత్రం ఇంటికొచ్చి తన గది తలుపు వేసుకుంటే, తలుపు బిగుసుకుపోయి గడియ ఊడి చేతికొస్తుంది. ఇక బయటికి రావడానికి లేదు. గట్టిగా తోస్తే తలుపుతో పాటు గోడ కూడా పోతుంది. అమ్మకి నిజం చెప్పడానికీ లేదు. కూతురు అలిగిందనుకుని తల్లి బయట నిలబడి బతిమాలుతూ ఉంటుంది. సినిమా మొత్తంలో కత్తెరమ్మ ప్రాణం పెట్టుకున్నది ఈ సీను మీదే.

"ఆ తలుపు సీను తీసెయ్యండమ్మా," అన్నాడు నిర్మాత. చాటున అందరూ ఆయన్ని బాంబుల బాబాయ్ అంటారు. ఏ కథ చెప్పినా పేలుడెక్కడుందని అడుగుతాడాయన. "అక్కడ ఇంకో బస్సు పేల్చేద్దాం. పిల్లలు టికెట్టు కొనేది ఎందుకూ? తలుపులు చూడ్డానికా?"

"ఒక బస్సు పేలింది కదండీ. రెండోది పేలితే కొత్తగా ఏముంటుంది?"

"రెండు బస్సులుంటాయి."

ఆమె డైరెక్టర్ వైపు చూసింది. అతనికిది మొదటి సినిమా. కుర్రాడు మంచివాడే, కానీ నోట్లో నాలుక లేదు. నిర్మాత మాటకీ తలూపాడు, ఆమె మాటకీ తలూపాడు.

"సార్, బలం ఉంటే సరదా రాదు," అంది కత్తెరమ్మ, గొంతు పెరగకుండా జాగ్రత్తపడుతూ. "అంత బలం ఉండీ, వాళ్లమ్మకి మాత్రం జవాబు చెప్పలేకపోతోంది చూడండీ, సరదా అంతా అక్కడుంది. ఆ వయసు పిల్లలకి లోకం మొత్తం ఒక ఎత్తు, ఇంట్లో అమ్మ ఒక ఎత్తు."

"డైరెక్టరే ఊరుకున్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అని నవ్వాడు బాంబుల బాబాయ్. "సరే, రేపు బడి పిల్లలకి వేసి చూపిస్తున్నాంగా. మీ తలలేం చెబితే అదే చేద్దాం. సరేనా?"

తలలంటే కత్తెరమ్మ పద్ధతి. పూర్తికాని సినిమాని ఇలా జనానికి వేసి చూపించినప్పుడు ఆమె తెర వైపు కన్నెత్తి చూడదు. హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడి, ముందున్న తలల్ని చూస్తుంది. సినిమా పట్టుకుంటే తలలు సీటు వదిలి కాస్త ముందుకొస్తాయి. విసుగు పుడితే పక్కకి వాలతాయి, కిందికి జారతాయి. నోరు అబద్ధమాడుతుంది గానీ తల ఆడదని ఆమె నమ్మకం. ఈ నమ్మకంతోనే తను ముచ్చటపడి కట్టిన సీన్లని కూడా నిర్దాక్షిణ్యంగా కోసిపారేసింది. పరిశ్రమలో ఆమెకున్న పరువంతా అదే.

తలుపు సీనులో ఇంకో సంగతుంది. తల్లి వేషం వేసిన నటి డబ్బింగుకి ఇంకా రాలేదు. అలాంటప్పుడు ఎడిటింగ్ గదిలో ఎవరో ఒకరు తాత్కాలికంగా గొంతిస్తారు. ఈసారి కత్తెరమ్మే ఇచ్చింది. మొదటిసారి చెప్పినప్పుడు పోలీసు తలుపు కొట్టినట్టు వచ్చింది. రెండోసారీ అంతే. మంచినీళ్లు తాగి, కళ్లు మూసుకుని, మళ్లీ మళ్లీ చెప్పగా చెప్పగా ఎప్పటికో మెత్తబడింది: "నువ్వొచ్చాకే తింటానమ్మలూ. తొందరేం లేదు. నేనిక్కడే కూర్చుంటా."

మర్నాడు మధ్యాహ్నం హాలంతా పిల్లలే. బస్సు పేలినప్పుడు ఈలలు పడ్డాయి, నిజమే. కానీ ఆ వెంటనే నాలుగైదు వరసల్లో ఫోన్లు వెలిగాయి. 'చూశారా, పేలుడు అయిపోగానే పని అయిపోయింది,' అనుకుంది కత్తెరమ్మ. ఆమెకి కాస్త ఊపిరాడింది. తలుపు సీను మొదలైంది. గడియ ఊడి పిల్ల చేతిలోకి రాగానే హాలు ఘొల్లుమంది. తలలన్నీ ముందుకొచ్చాయి. ఇక తల్లి గొంతు రావాలి.

గొంతు వచ్చింది. అంతే, మూడో వరసలో మెడ దాకా కత్తిరించిన జుట్టున్న ఓ తల దభీమని కిందికి జారిపోయింది. సీటు పైన వెంట్రుక కూడా కనిపించకుండా పోయింది. ఆ చుట్టుపక్కలున్న తలలన్నీ తెరని వదిలేసి దానివైపు తిరిగాయి. గుసగుసలు మొదలయ్యాయి. సీను అయ్యేదాకా ఆ తల పైకి రాలేదు.

ఒక తల అంతలా జారడం కత్తెరమ్మ ఎన్నడూ చూడలేదు. హాలు బయట బాంబుల బాబాయ్ ఎదురైతే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మూడో వరస పోయింది సార్. గొంతు రాగానే పోయింది. తీసేద్దాం," అంది. ఆయన అక్కడికక్కడే గ్రాఫిక్స్ వాళ్లకి ఫోన్ చేసి రెండో బస్సుకి ముహూర్తం పెట్టేశాడు. ఆమె గదిలోకి వెళ్లి సీను తీసేసింది. తీసిన చోట అతుకు కూడా కనిపించలేదు. అంత బాగా కోసినందుకు ఆమెకి తన చేతుల మీదే కోపం వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు వంటింట్లో నిలబడి మంచినీళ్లు తాగుతోంది. ఆ ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్లిద్దరే. ఉండేది ఇద్దరే అయినా మాటలు మాత్రం పొదుపు.

"నీ సినిమా చూశాను," అంది కూతురు.

"ఏ సినిమా?"

"ఇవాళ మా బడి వాళ్లని తీసుకెళ్లారుగా. సోమవారమే చెప్పాను నీకు. ల్యాప్‌టాప్ చూస్తూ 'ఊఁ' అన్నావు."

గ్లాసు కడగడానికి కూతురు అటు తిరిగింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు. కత్తెరమ్మ చేతిసంచి బల్ల మీద పెట్టబోయి అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"జుట్టు ఎప్పుడు కత్తిరించుకున్నావే?"

"చాలా రోజులైంది."

"ఎక్కడ కూర్చున్నావు?"

"మూడో వరస." గ్లాసు బోర్లించింది. "నీ గొంతు వినగానే నా ఫ్రెండ్స్ అందరూ నావైపు తిరిగారు. ఫోన్‌లో రోజూ నీ కేకలు వింటారుగా, ఇట్టే గుర్తుపట్టేశారు. 'మీ అమ్మేనా? ఇంత మెత్తగా కూడా మాట్లాడుతుందా?' అని ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను."

"సీను బాలేదా?"

"బాగుంది. సినిమాలో నిజంగా బాగున్నది అదొక్కటే." కూతురు తన గది వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. "సినిమాలో అమ్మకి అంత ఓపిక ఎక్కడ్నుంచి తెచ్చావమ్మా? ఇంట్లో ఎప్పుడూ చూడలేదే నేను."

తలుపు పడింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కత్తెరమ్మ ఒకే పూట రెండు చోట్లా ఓడిపోయింది. ఊళ్లోవాళ్ల పిల్లల తలలన్నీ చదివేస్తానని ఇన్నేళ్లూ విర్రవీగి, సొంత పిల్ల తలని వెనకనుంచి పోల్చుకోలేకపోయింది. డైరెక్టర్‌కి ఫోన్ చేసింది.

"ఆ సీను మళ్లీ పెట్టాలి బాబూ. నేను తల చూశాను గానీ, మనిషిని చూడలేదు."

"అయ్యో, మీరే కదక్కా తీసేద్దామన్నారు! నాకు ఆ సీను నచ్చింది. మీరంతటివారు అన్నారని ఊరుకున్నాను. అవతల బస్సు పని మొదలైపోయింది కూడా."

"నచ్చిందా? నచ్చితే నోరు తెరిచి చెప్పొద్దూ!" అని అరిచి, ఫోన్ పెట్టేసింది. అరిచాక అనిపించింది, ఆ కుర్రాడు కూడా తన గొంతుకి భయపడే నోరు మూసుకున్నాడేమోనని. రేపు పొద్దున్నే వెళ్లి బాంబుల బాబాయ్ కాళ్లో గడ్డమో పట్టుకోవాలి. రేపటి సంగతి రేపు.

భోజనం వడ్డించి మూత పెట్టింది. కూతురి గది ముందుకి వెళ్లి నిలబడింది. నిన్నా మొన్నా తనే అతికించిన మాటలు, కంఠతా వచ్చిన మాటలు. నోరు తెరిచింది.

"నువ్వొచ్చాకే తింటాను. తొందరేం లేదు. ఇక్కడే కూర్చుంటా!"

అచ్చం పోలీసు తలుపు కొట్టినట్టే వచ్చింది. కత్తెరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఇందులో కోసెయ్యడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ మాత్రం తీయలేదు.

"బాలేదు," అంది కూతురు లోపల్నుంచి. "మళ్లీ చెప్పు."

కత్తెరమ్మ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. గొంతు సవరించుకుని, మళ్లీ మొదలుపెట్టింది.