గంజి కడిగిన మాత్ర

మా కోయంబత్తూరు మిల్లులో తంగవేలుది గంజి తొట్టి పని. మగ్గం మీద తెగిపోకుండా పడుగు నూలును గంజిలో ముంచి ఆరబెట్టడం. ఇరవై ఏళ్ళు ఆ ఆవిరిలోనే ఉడికాడు. తూకం కోసం గంజి చిక్కగా కలిపితే కొన్నవాడు మోసపోతాడని, అదే గుడ్డను వేడినీళ్ళలో నానేస్తే గంజి పోయి అసలు నూలు మిగులుతుందని వాడికి బాగా తెలుసు. వాడికి తెలిసిన శాస్త్రమంతా అంతే.

ఒకనాడు నూలు చుట్టిన పెద్ద బీమును మోసే బండి చక్రం వాడి బొటనవేలి మీదుగా పోయింది. పుండు మానలేదు. ఆస్పత్రిలో చూస్తే చక్కెర వ్యాధి. డాక్టరు తెల్లటి మాత్రలు రాసిచ్చి, రెండు నెలల్లో చక్కెర దిగకపోతే కాలు తీసెయ్యాలన్నాడు. కాలు లేనివాణ్ణి తొట్టి దగ్గర ఎవరు నిలబెట్టుకుంటారు?

టీ కొట్టు ముందు వాడు మాత్రను అరచేతిలో పెట్టుకుని దిగులుగా కూర్చుంటే నా నాలుక ఊరుకోలేదు.

"ఏంరా తంగవేలూ, ఇంత లావు మాత్రలో మందెంతో తెలుసునా?"

"ఎంత మామా?"

"చిటికెడు. మిగతాదంతా గంజి! కంబంలో మాత్రలు చేసే చోట నా కండ్లతో చూస్తిని. గంజి తొట్టి అంటే చెరువంత ఉండాది. ఒక ఎద్దు దాంట్లో పడె. పైకి లాగి ఎండలో నిలబెడితే బొమ్మ మాదిరి బిగుసుకుపాయె. గుడి ముందర పెట్టుకునే బొమ్మ అని సంతలో అమ్మేసిరి. కొన్నోడు మూడు నెలలు పూజ చేసె. మొదటి వాన పడంగానే సామి లేచి గడ్డికి పాయె!"

కొట్టంతా నవ్వింది. తంగవేలు నవ్వలేదు.

"అట్లయితే గంజి తీసేస్తే సరిపాయె గదా మామా."

నేను కంబం పోయింది ఒకే ఒక్కసారి, పెళ్ళి భోజనానికి. ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మర్నాటి నుంచి వాడు మాత్రను గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, పైన తేరిన నీళ్ళను కరివేపాకు చెట్టుకు పోసి, అడుగున మిగిలిన తెల్ల మడ్డిని వేలితో తీసి నాకేవాడు. భార్య వీరాయి నెత్తి కొట్టుకుంది.

"ఆస్పత్రిలో అట్లనే మింగమనిరి గదయ్యా!"

"గంజి సంగతి నాకా చెప్తావు?" అని నా వైపు తిరిగాడు. "చూడు మామా, నువ్వు చెప్పినట్లే చిటికెడే మిగిలె. చేదు కూడా పాయె!"

"భలే మొనగాడివిరా!" అన్నాను. ఆ వేడుక చూపించడానికి రోజుకు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని పోయేవాణ్ణి.

రెండు నెలలకు పాదం నల్లబడింది. వాసనకు చూసేవాళ్ళు రావడం మానేశారు. ఆస్పత్రిలో కంపౌండరు అంతోని సంగతంతా విని, మా ఇద్దరి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అయ్యో మనిషీ! మాత్రలో ముక్కాలు వంతుకు మించి మందే. అది నీళ్ళలో కరిగిపోతుంది. పొడిని పట్టి ఉంచేదానికి వేసే పిండి కొంచెం, అదే అడుగున నిలుస్తుంది. మందు చెట్టుకు పోసి, నువ్వు పిండి తింటివి. ఎవరయ్యా నీకు ఇది చెప్పింది?"

తంగవేలు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"ఎవరూ చెప్పలే సార్. ఇరవై ఏండ్లు గంజిలో ఉండే మనిషిని. నేనే కనిపెడితిని," అన్నాడు.

మోకాలి దాకా తీసేశారు. మిల్లులో వాడి చోట వేరేవాడు వచ్చాడు. నెల తర్వాత పోతే, వీరాయి నన్ను చూసి లోపలికి పోయి తలుపు మూసుకుంది. వాడు మాత్రం మంచం మీద జరిగి నాకు చోటిచ్చాడు.

"మామా, ఆ ఎద్దు కత ఇంకోసారి చెప్పు."

చెప్పాను. వాడు చివరి దాకా విన్నాడు.

"వాన పడినాక అది నాలుగు కాళ్ళ మీదనేనా లేచింది?"

"నాలుగు మీదనే."

"సరిగ్గా చూస్తివా?"

"చూస్తిని," అన్నాను.